ఎవర్నడిగినా చెప్తారు

మా కొట్టుకి పేరు లేదు.
నలభయ్యేళ్లుగా ఒకటే చిరునామా:
పర్లాకిమిడిలో బస్సు దిగి
కోటవైపు నడిచి
పిండిమర దాటాక
ఎవర్నడిగినా చెప్తారు.

చెప్పేవాళ్లు.
అటుకులమ్మే సావిత్రి తెలుగులో చెప్పేది.
సైకిళ్లు బాగుచేసే బిపిన్ ఒడియాలో చెప్పేవాడు,
నోట్లో కిళ్లీ ఉంటే గెడ్డంతో చూపించేవాడు.
ఆ గెడ్డం తిరిగిన వైపు
గేదె కొమ్ముని నిప్పుసెగ మీద వంచుతూ నేనుండేవాణ్ణి.
కొమ్ము కాలిన వాసనే నా బోర్డు.

ఇప్పుడు బస్సు దిగినవాడు ఎవర్నీ అడగడు.

మొన్న వైశాఖంలో ఒకాయన
సందు మొగలో నిలబడి అరచేతిని అడుగుతున్నాడు.
మా ఇద్దరి మధ్యా పదకొండు అడుగులు,
ఒక మురిక్కాలవ, నిద్రపోతున్న కుక్క.
కొమ్ము దువ్వెన అనే అడిగుంటాడు.
కటక్‌లో రెండున్నాయంది ఫోను, కలకత్తాలో ఏడున్నాయంది.
కేకేద్దామంటే
నా చేతిలో కొమ్ము సగం వంగి ఉంది,
పట్టు వదిల్తే పగుల్తుంది.
తలెత్తేసరికి ఆటో ఎక్కేశాడు.
పదకొండు అడుగుల దూరంలో
నేను లేనని నాకు తెలిసింది ఆవేళ.

జెరాక్సు కొట్టు లిపిక నవ్వింది.
"బతికున్నావని ఓ మాట రాసి పడెయ్యాలి మావయ్యా."
బతికున్నవాడు అదీ రాసుకోవాలా?
"రాసుకోవాలి. పేరు?"
ఢిల్లేశ్వరరావు.
"ఢిల్లీకి పోయేవాళ్లంతా నీ కొట్లో దిగుతారు."

ఏ లిపిలో రాయాలన్నది పెద్ద తగువు.
తెలుగులో రాస్తే పాతపట్నం చదువుతుంది,
ఒడియాలో రాస్తే బరంపురం చదువుతుంది,
ఇంగ్లీషులో రాస్తే నేను చదవలేను.
మూడూ రాసింది.

తెరిచే వేళ?
కొమ్ము నానినప్పుడు.
మూసే వేళ?
కళ్లు నీరు కారినప్పుడు.
తొమ్మిది నుంచి ఆరని కొట్టేసింది.
ఆ పిల్ల మాట అబద్ధం కాకూడదని
తొమ్మిదికే వస్తున్నాను అప్పట్నుంచీ,
కొమ్ము నానినా నానకపోయినా.

కొట్టు గుర్తు ముందు మహేంద్రతనయలో పడింది, సరిగ్గా నది నడుమ.
వేలితో పట్టి ఒడ్డుకీడ్చింది,
మునిగేవాణ్ణి జుట్టు పట్టి లాగినట్టు.

అసలు తమాషా ఇక్కడుంది.
నేనున్నానని రుజువుకి
వాళ్లు ఒక ఉత్తరం పంపుతారట, లోపల అంకెలట.
పంతొమ్మిది రోజులకి వచ్చింది.
తెచ్చిన పోస్టుమేను కుర్రాడు, ఊరికి కొత్త,
పిండిమర దగ్గర సైకిలాపి అడిగాడు.
బిపిన్ గెడ్డంతో చూపించాడు.

అంతా మారిపోయిందని చెప్పను.
నా దువ్వెన పక్కనే
ఇరవై రూపాయల ప్లాస్టిక్ దువ్వెన మెరుస్తుంటుంది, సిగ్గు లేకుండా.
నాలుగు కొన్నారు. ఒకటి వెనక్కొచ్చింది,
రంగు ఒకేలా లేదట.
గేదెలు ఒకేలా ఉండవు బాబూ.

వానల్లో రాయగడ నుంచి ఒక బొమ్మ వచ్చింది తెర మీదికి.
కొమ్ముతో చేసిన కొంగ. కాలు విరిగింది.
అతికిస్తారా అని అడిగారు.
ఈకల గీతలు కుడి నుంచి ఎడమకి దిగుతున్నాయి.
మా ఇంట్లో ఎడంచేత్తో ఉలి పట్టింది
మా నాన్న ఒక్కడే.
జవాబు రాయడం నాకు రాదు.
ఆయన ఆకురాయి తీసి గుడ్డ మీద పెట్టి
ఫొటో పంపాను.

రాత్రి ఒంటిగంటప్పుడు
ముగ్గురు నా కొట్టు చూశారని లిపిక లెక్క చెప్పింది.
షట్టర్ దించాక ఎవరొస్తారే అన్నాను.
అయినా ఈమధ్య
బల్ల మీద బల్బు ఆర్పకుండానే తాళం వేస్తున్నాను.
కరెంటు బిల్లు పట్టుకుని మా ఆవిడ అడుగుతోంది,
ఆ దీపం ఎవరికని.